ఇంటి హాలులో సినిమా హాలు శబ్దం



ఈ వేళ నేను మీతో మాట్లాడబోయే విషయం హోమ్ థియేటరు. అంటే ఇంట్లో టీవీకి తగిలించుకొనే అయిదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె, వాటిని నడిపే యాంప్లిఫయరు. వాటిని ఎక్కడ పెట్టాలి, ఎలా కొలిచి సరిచేసుకోవాలి అన్నది మన ప్రసంగం. ఇది ఉన్నవాళ్ల సరదా, మనకెందుకులే అనుకొని రేడియో కట్టేయకండి. ఇందులో సినిమా ముచ్చట కొంతే. మిగిలిందంతా మన చెవులకు సంబంధించింది.

హిందూపురం, మడకశిర, పావగడ, గౌరిబిదనూరు వైపు ప్రతి ఊళ్లోనూ బెంగళూరులో పనిచేసేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది చేరిన చోటు పీణ్య. తుమకూరు రోడ్డు పక్కన చిన్నా పెద్దా కార్ఖానాలు వేల సంఖ్యలో ఉన్న పారిశ్రామిక వాడ అది. 2014 మార్చిలో మెట్రో రైలు అక్కడిదాకా వచ్చింది. రైలు దిగి నాలుగు అడుగులు లోపలికి నడిస్తే చాలు, పవర్ ప్రెస్సులు, లేత్ మిషన్లు, గ్రైండర్లు, కంప్రెసర్ల మోత మొదలవుతుంది. కన్నడం, తెలుగు, తమిళం, హిందీ అన్నీ అక్కడ వినిపిస్తాయి. అయితే అన్ని భాషల్నీ గట్టిగా అరిచే మాట్లాడాలి.

మా బావ అక్కడ ఒక ప్రెస్ షాపులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. రేకును డై కింద పెట్టి కొట్టడం ఆయన పని. ఉద్యోగం చాలించాక ఆ దగ్గరలోనే చిన్న ఇంట్లో అక్క, కొడుకు, కోడలు, అయిదేళ్ల మనవరాలితో ఉంటున్నాడు. కిందటి దసరా సెలవులకు నేను వాళ్లింటికి వెళ్లాను. మా మేనల్లుడు కొత్తగా హోమ్ థియేటరు కొని ఉన్నాడు. నేను బడిలో ఫిజికల్ సైన్సు చెప్పేవాణ్ణి కాబట్టి, "మామా, దీన్నొకసారి చూడు. డబ్బు పెట్టాను గాని సుఖం లేదు" అన్నాడు.

ఏమిటి ఇబ్బంది అని అడిగాను. ఫైటింగు వస్తే ఇల్లు అదిరిపోతుందట. మాటలు వస్తే ఎవరేమంటున్నారో తెలియదట. మాటల కోసం శబ్దం పెంచితే, ఆ వెంటనే పాటో ఫైటింగో వచ్చి గుండెల మీద కొడుతుందట. బావ రిమోటు పట్టుకొని పెంచుతాడు, అక్క లాక్కొని తగ్గిస్తుంది. పక్కింటాయన నైట్ షిఫ్టు మనిషి, పగలు నిద్రపోతాడు. ఆయన రెండుసార్లు వచ్చి "స్వల్ప సౌండ్ కమ్మి మాడి సార్" అని మర్యాదగానే చెప్పి వెళ్లాడట. మూడోసారి మర్యాద ఉండకపోవచ్చని మా అక్క భయం.

అసలు ఇన్ని స్పీకర్లు ఎందుకు? మనకు రెండు చెవులున్నాయి. ఒక శబ్దం ఏ చెవికి ముందు చేరింది, ఏ చెవికి గట్టిగా చేరింది అన్న తేడాను బట్టి అది ఎటునుంచి వచ్చిందో మనసు కనిపెడుతుంది. ఈ సూత్రం మీద ఇంగ్లండులో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరు 1931లో స్టీరియో పద్ధతికి పేటెంటు కోరాడు. మన తెలుగులో 1986లో కృష్ణ గారి సింహాసనం 70 ఎం.ఎం. తెర మీద ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో వచ్చింది. గుర్రాలు తెర ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తుతుంటే డెక్కల చప్పుడు కూడా వాటితోనే కదిలిందని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1992 నాటికి హాలీవుడ్డులో డిజిటల్ శబ్దం వచ్చింది. అదే వరుసలో ఇంటికి చేరింది అయిదు పాయింటు ఒకటి అనే ఏర్పాటు. అయిదు స్పీకర్లు మామూలువి. ఆ పాయింటు ఒకటి బేస్ పెట్టె. అది కింది స్థాయి గుమ్మనే శబ్దాలను మాత్రమే పలుకుతుంది కాబట్టి దాన్ని పూర్తి స్పీకరుగా లెక్కపెట్టకుండా దశాంశం అన్నారు.

ఈ అయిదింటి కొలువు తేలిగ్గా గుర్తుండాలంటే బుర్రకథను తలచుకోండి. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ వంతపాటగాళ్లు. కథ చెప్పేది నడిమివాడు. పక్కవాళ్లు రక్తి కట్టిస్తారు. హోమ్ థియేటరులోనూ అంతే. సినిమాలో మాటలు చాలావరకు నడిమి స్పీకరులోనే వస్తాయి. పాటలు, వాద్యాలు, కదిలే చప్పుళ్లు ఎడమ కుడి స్పీకర్లలో వస్తాయి. వాన, గాలి, జనం గోల వెనక రెండింటిలో. ఇవి ప్రేక్షకుల్లో కూర్చున్నవాళ్ల లాంటివి. కథకుణ్ణి తీసుకెళ్లి గదిలో పెట్టి తలుపు వేస్తే బుర్రకథ ఏం వినిపిస్తుంది? మా మేనల్లుడు సరిగ్గా ఆ పనే చేశాడు. నడిమి స్పీకరును టీవీ కింద షోకేసులో, అద్దం తలుపు వెనక, పెళ్లి ఆల్బమ్ పక్కన పెట్టాడు.

ఇక వెనక ఉండాల్సిన రెండు స్పీకర్లు వైరు చాలలేదని ముందు గోడకే అటక మీద ఎక్కాయి. బేస్ పెట్టె సోఫా వెనక మూలలో, పక్కింటితో కలిసిన గోడకు ఆనుకొని ఉంది. శబ్దం పెంచకుండా మాటలు వినపడే దారి ఒక్కటీ లేదు.

మొదట చేయవలసింది స్పీకర్లు జరపడం కాదు, కూర్చొనే చోటు నిర్ణయించుకోవడం. ఆ ఇంటి హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. సోఫా వెనక గోడకు ఆనుకొని ఉంది. గోడకు ఆనుకున్న చోట గుమగుమ ఎక్కువై మిగిలిన శబ్దాలను కప్పేస్తుంది. అందుకని సోఫాను రెండు మూడు అడుగులు ముందుకు జరిపించాను. అక్క "నడవడానికి చోటు లేదు" అంది గాని, తర్వాత ఆ వెనక చోటే బట్టలు మడతపెట్టుకోవడానికి బాగుందని ఒప్పుకుంది.

ఆ తర్వాత ముందు స్పీకర్లు. దీనికి పరికరాలేమీ అక్కరలేదు, ఒక తాడు చాలు. తాడును మూడు సమభాగాలుగా ముడివేయండి. ఒక ముడి మీరు కూర్చొనే చోట మీ తల దగ్గర, రెండోది ఎడమ స్పీకరు దగ్గర, మూడోది కుడి స్పీకరు దగ్గర పెట్టి బిగుతుగా లాగితే సమబాహు త్రిభుజం వస్తుంది. అంటే మీకు 8 అడుగుల దూరంలో స్పీకర్లు ఉంటే, వాటి మధ్య కూడా 8 అడుగులే ఉండాలి. మీ ఎదురు చూపునుంచి ఒక్కొక్కటి 30 డిగ్రీల పక్కకు వస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం స్టూడియోలకు సిఫారసు చేసిన కోణం కూడా ఇదే. నడిమి స్పీకరు టీవీకి సరిగ్గా కింద, అరకు ముందు అంచు దాకా జరిపి, ముక్కు కొంచెం పైకెత్తి మీ ముఖం వైపు చూసేలా పెట్టాలి. ఎత్తడానికి మేము రెండు పెన్సిలు రబ్బర్లు వాడాం. అద్దం తలుపు తీసేశాం.

వెనక స్పీకర్లు నిజానికి పూర్తిగా వెనక ఉండవు. చెవులకు పక్కగా, కొంచెం వెనక్కి, అదే సిఫారసు ప్రకారం 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. కూర్చున్నవాళ్ల చెవికంటే ఒకటి రెండు అడుగులు ఎత్తులో గోడకు బిగిస్తే, అవి ఎక్కడున్నాయో తెలియకుండా గది నిండా గాలివాన పరుచుకుంటుంది. వైరు చాలకపోతే ఎస్.పి. రోడ్డు అంగళ్లలో మీటరు లెక్కన దొరుకుతుంది. చిన్న ఇంటికి 16 గేజి రాగి వైరు ధారాళంగా సరిపోతుంది. వైరు కలిపేటప్పుడు యాంప్లిఫయరును ఆపి, ప్లగ్గు పీకండి. తీగల పోగులు ఒక్కటి కూడా పక్క టెర్మినలుకు తగలకూడదు. తగిలితే యంత్రం కాలిపోవచ్చు.

ఇక్కడే మరో తప్పు దొరికింది. స్పీకరుకు రెండు టెర్మినళ్లుంటాయి, ఎరుపు ప్లస్, నలుపు మైనస్. యాంప్లిఫయరు ఎరుపుకు స్పీకరు ఎరుపే కలపాలి. ఒక స్పీకరుకు తిరగేసి కలిపితే అది పాడవదు, మోగుతుంది కూడా. కాని ఒక స్పీకరు గాలిని ముందుకు నెట్టే క్షణంలో రెండోది వెనక్కి లాగుతుంది. ఇద్దరు కలిసి బండి నెట్టడానికి బదులు ఒకరు నెడుతూ ఒకరు లాగినట్టు. కింది స్థాయి శబ్దం సన్నబడిపోతుంది, పాట ఎటునుంచి వస్తోందో తెలియదు. అనుమానం వస్తే వైరును యాంప్లిఫయరునుంచి విప్పి, ఒకటిన్నర వోల్టుల టార్చి బ్యాటరీ ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. స్పీకరు కోను ముందుకు పొంగితే సరిగా ఉన్నట్టు, లోపలికి పోతే తిరగబడినట్టు. ఈ పరీక్షకు జాలీ తీసినప్పుడు బావ లోపలి ఇనుప చట్రాన్ని వేలితో తడిమి, "ఇది ప్రెస్సులో కొట్టిందే. డ్రా డై. మా షాపులో ఇట్లాంటివి ఎన్ని కొట్టలేదు" అన్నాడు. ఆ పూటంతా ఆయన నాకు సహాయకుడు.

ఆ తర్వాత బేస్ పెట్టె. గదిలో బేస్ అన్నిచోట్లా సమానంగా ఉండదు. ఎందుకో చెబుతాను. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు, అంటే రమారమి 1130 అడుగులు పోతుంది. 14 అడుగుల గదిలో అది ఒక గోడనుంచి ఎదుటి గోడకు పోయి తిరిగి వస్తే 28 అడుగులు. 1130ని 28తో భాగిస్తే 40. సెకనుకు సుమారు 40 కంపనాలున్న శబ్దం ఆ గదిలో తనలో తానే కలిసి నిలబడిపోతుంది. గోడల దగ్గర ఎక్కువ, నడుమ తక్కువ. 10 అడుగుల వెడల్పుకు లెక్క కడితే 56 వస్తుంది. అందుకే ఒకే ఇంట్లో ఒక కుర్చీలో గుండె అదురుతుంది, పక్క కుర్చీలో ఏమీ వినపడదు. మూలలో పెట్టిన పెట్టె ఈ నిలిచిన శబ్దాలన్నింటినీ ఒక్కసారిగా లేపుతుంది. కొత్తగా కొన్నవాళ్లకు అదే గొప్పగా అనిపిస్తుంది.

మంచి చోటు కనిపెట్టడానికి ఒక చక్కని తలకిందుల ఉపాయం ఉంది. మనిషి కూర్చొనే చోట పెట్టెను కూర్చోబెట్టాలి. పెట్టె ఉండదగిన చోట్ల మనిషి పాకుతూ పోవాలి. బేస్ బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, గోడల వెంట చెవిని నేలకు దగ్గరగా ఉంచి పాకుతూ వినండి. ఎక్కడ అన్ని మెట్లూ ఒకే తీరున, ఉబ్బకుండా, చప్పబడకుండా వినిపిస్తాయో అదే పెట్టెకు చోటు. మేము పెట్టెను సోఫా మీద పెట్టి, నేను, మేనల్లుడు, ఆ పాప ముగ్గురం వరుసగా పాకాం. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. చివరికి టీవీకి కుడిపక్క, మూలకు మూడు అడుగుల ఇవతల చోటు కుదిరింది. పక్కింటి గోడకు దూరమయింది కూడా. కింద దళసరి రబ్బరు చాప వేశాం. సన్నని శబ్దాన్ని గోడ ఆపుతుంది గాని గుమ్మనే శబ్దాన్ని అంతగా ఆపదు. పక్కింటివాళ్లకు మన మాటలు వినపడవు, మన బేస్ మాత్రమే వినపడుతుంది. అపార్టుమెంట్ల తగాదాల్లో సగం ఈ పెట్టె వల్లనే.

ఇప్పుడు కొలతలు. యాంప్లిఫయరు మెనూలో స్పీకరు సైజు, దూరం, స్థాయి అని మూడు ఉంటాయి. కొనుక్కొచ్చినవాళ్లలో చాలామంది ఈ పేజీ తెరవనే తెరవరు. తక్కెడ కొని, ముల్లు మధ్యకు వచ్చిందా అని చూసుకోకుండా బెల్లం తూచినట్టు.

మొదట సైజు. చిన్న స్పీకర్లకు చిన్నవి అనే చెప్పాలి. అప్పుడు కింది స్థాయి శబ్దాలు వాటికి పోకుండా బేస్ పెట్టెకు పోతాయి. ఆ విభజన గీత సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర పెడతారు. అరచేతిలో పట్టే స్పీకర్లయితే 120 దాకా పెంచవలసి వస్తుంది. అంత పెంచితే మగ గొంతులోని గంభీరం కొంత పెట్టెలోంచి వస్తుంది. పెట్టె ముందువైపు ఉండాలనడానికి అది మరో కారణం.

రెండోది దూరం. టేపుతో ప్రతి స్పీకరునుంచి మీ తల దగ్గరకు కొలిచి నమోదు చేయండి. శబ్దం అడుగు దూరం పోవడానికి ఒక మిల్లీసెకనుకు కొంచెం తక్కువ పడుతుంది. మా లెక్కలో ముందు స్పీకర్లు 8 అడుగులు, వెనకవి అయిదున్నర. వెనక శబ్దం రెండు మిల్లీసెకన్లకు పైగా ముందే చెవికి చేరుతుంది. దూరాలు చెబితే యంత్రం దగ్గరివాటిని ఆ మేరకు ఆపి, అన్నీ ఒక్కసారి చేరేలా చేస్తుంది.

మూడోది స్థాయి. దగ్గరగా ఉన్న స్పీకరు గట్టిగా వినిపిస్తుంది. బయట మైదానంలో అయితే దూరం రెట్టింపు అయినప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. యాంప్లిఫయరులో పరీక్ష శబ్దం ఉంటుంది. జలపాతం హోరులా, ఒక్కో స్పీకరులో వంతులవారీగా వస్తుంది. కూర్చొనే చోట, చెవి ఎత్తులో ఫోను పెట్టి, శబ్దం కొలిచే యాప్‌తో చూడండి. ఫోనును ఒంటికి ఆనించి పట్టుకోవద్దు, స్టూలు మీద పుస్తకాలు పేర్చి దానిమీద పెట్టండి. ఫోను అంకెలు కచ్చితం కాకపోవచ్చు గాని, ఒక స్పీకరును మరొకదానితో పోల్చడానికి పనికొస్తాయి. బేస్ పెట్టె విషయంలో మాత్రం ఫోను మైకును నమ్మకండి. దాన్ని చెవితో సరిచూసుకోండి. చాలా యంత్రాల్లో ఈ పరీక్షకు 75 డెసిబెల్స్ గురి పెట్టుకుంటారు. అన్నీ ఒక డెసిబెల్ తేడాలోకి వచ్చేదాకా హెచ్చుతగ్గులు చేయండి. మైకుతో తనంతట తానే కొలుచుకొనే యంత్రాలు కూడా ఇప్పుడు విరివిగా ఉన్నాయి. మంచివే. అయినా అది కొలిచిన దూరాలను టేపుతో ఒకసారి సరిచూడండి.

మరో చిన్న సంగతి. టీవీ సెట్టింగులో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే చాలా టీవీల్లో శబ్దం రెండు స్పీకర్లకే పరిమితమవుతుంది. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కో ఆటోకో మార్చాలి. రాత్రిపూట చూసేవాళ్లకు నైట్ మోడ్ అని ఒకటి ఉంది. అది గట్టి శబ్దాలను కుదించి, నెమ్మది మాటలను పైకి లేపుతుంది. నైట్ షిఫ్టు పొరుగువాడు ఉన్నచోట పగలు కూడా అది రాత్రే.

చివరిగా గది. హాలు మధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. టంగ్ మని ప్రతిధ్వని వచ్చింది. నేలంతా టైల్సు, గోడలు బోసిగా ఉన్నాయి. మాట ఒకసారి నేరుగా, పదిసార్లు గోడల మీదనుంచి వస్తే అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేల మీద జంపఖానా పరిచాం. కిటికీకి దళసరి తెర వేశాం. అక్క పాత చీరలతో కుట్టిన బొంతను సోఫా వెనక గోడకు వేలాడదీశాం. ఖర్చు లేని పని, లాభం మాత్రం చాలా.

సాయంత్రం అందరం కూర్చొని ఒక పాత సినిమా పెట్టాం. మునుపు 40 మీద పెట్టుకొని వినేవాళ్లు, ఇప్పుడు 28 మీదే మాట స్పష్టంగా ఉందని మేనల్లుడు సంబరపడ్డాడు. బావ కూడా "ఇప్పుడు మాట తెలుస్తోంది" అన్నాడు. నాకూ తృప్తిగానే ఉంది. ఇంతలో ఆ పాప వంటింటి గడపలో నిలబడి, "తాతా, సజ్జ రొట్టె కావాలా?" అని అడిగింది. బావ తెరవైపే చూస్తూ, "ఆ, పక్క తలుపు వేసెయ్" అన్నాడు. అందరూ నవ్వారు. పాప నవ్వలేదు. అది ఆ ఇంట్లో రోజూ జరిగేదేనని దాని ముఖం చూస్తే తెలిసింది. అయిదు స్పీకర్లనూ కొలిచాను గాని, వినే చెవిని కొలవలేదని నాకప్పుడు తోచింది.

మన చెవిలోపల శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలు ఉంటాయి. పుట్టుకతో ఒక్కో చెవికి సుమారు 15 వేలు. గట్టి శబ్దానికి అవి వాలిపోతాయి. కొద్దిసేపయితే మళ్లీ లేస్తాయి. ఏళ్ల తరబడి అయితే చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. ఫ్యాక్టరీ మోత వల్ల వచ్చే లోపం మొదట 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల కనబడుతుంది. మాటలోని అచ్చులు, ఆ, ఓ, ఊ లాంటివి కింది స్థాయిలో ఉంటాయి, అవి వినపడుతూనే ఉంటాయి. స, శ, చ, త, క లాంటి హల్లుల గుర్తులు పై స్థాయిలో ఉంటాయి. అవే ముందు పోతాయి. అందుకే ఇలాంటివాళ్లు "వినపడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటారు. సజ్జ రొట్టె పక్క తలుపు కావడం అలాగే. పిల్లల సన్నని గొంతు ఇంకా కష్టం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనకొక సామెత ఉంది. శంఖం వాళ్లకు వినపడుతుంది. వినపడనిది మనవరాలి మాట.

ఇక్కడ కొన్ని అంకెలు చెబుతాను, గుర్తుంచుకోండి. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. 85 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెబుతుంది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే ఉండదగిన సమయం సగానికి తగ్గించాలని వాళ్ల లెక్క. అంటే 88 అయితే 4 గంటలే. సరదాగా వినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది తర్వాత 45 మించకూడదు. పారిశ్రామిక ప్రాంతాల్లో పగలు 75, రాత్రి 70. గమనించారా? మనం స్పీకర్ల పరీక్షకు పెట్టుకున్న 75, పారిశ్రామిక వాడ పగటి హద్దు ఒకటే అంకె. ఫ్యాక్టరీ మోతలో పొద్దంతా గడిపిన మనిషి ఇంటికొచ్చి టీవీ పెంచుతాడంటే తప్పు ఆయనది కాదు. ఆ చెవి అప్పటికే అలసిపోయి ఉంటుంది.

మరునాడు బావను పరీక్షకు రమ్మన్నాను. "ముప్పై ఏళ్లు లేని రోగం ఇప్పుడెందుకు" అన్నాడు. చెవి పరీక్ష అంటే చెవిటివాడని ముద్ర వేయించుకోవడమేనని ఆయన బాధ. నేను వాదించలేదు. "బావా, నిన్న నడిమి స్పీకరు తగ్గిందని కొలిచి తెలుసుకున్నాం గదా. అది దాని తప్పా? షోకేసులో పెట్టినందుకు తగ్గింది. నీ చెవి కూడా అంతే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు.

పరీక్ష అంటే భయపడేదేమీ లేదు. నిశ్శబ్దమైన గదిలో హెడ్‌ఫోను పెట్టి, ఒక్కో స్థాయిలో సన్నని శబ్దం వినిపిస్తారు. వినపడినప్పుడు బటను నొక్కాలి. వచ్చిన గీతను ఆడియోగ్రామ్ అంటారు. బావ గీత కిందివైపు స్థాయిల్లో బాగానే నడిచి, 4000 దగ్గర గుంటలో పడింది. ఆ గీతను చూసి మా మేనల్లుడు, "మామా, ఇది కూడా క్యాలిబ్రేషనే గదా" అన్నాడు. అవును. వినికిడి యంత్రాన్ని అమర్చేటప్పుడు చేసేది కూడా అదే, ఏ స్థాయిలో ఎంత తగ్గిందో అక్కడ అంతకు తగినట్టు పెంచడం. పోయిన కణాలను అది తిరిగి తేలేదు. ఉన్నవాటితో మాట అర్థమయ్యేలా మాత్రం చేయగలదు. బావ ఇప్పుడు యంత్రం పెట్టుకుంటున్నాడు. మొదట్లో గిన్నెల చప్పుడు చెవిని కోస్తోందని విసుక్కున్నాడు. అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టింది. సంక్రాంతికి ఫోను చేస్తే పాప తీసింది. "తాత ఇప్పుడు ఒక్కసారి చెబితే వింటాడు" అంది.

పీణ్యలో, దొడ్డబళ్లాపురంలో, హిందూపురం తూముకుంటలో మోత మధ్య పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక మనవి. చెవి ప్లగ్గులు, ఇయర్ మఫ్‌లు యాజమాన్యాన్ని అడిగి తీసుకోండి, తీసుకున్నవి వాడండి. ఏడాదికొకసారి చెవి పరీక్ష చేయించుకోండి. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు ఆ ఆసుపత్రిలోనే అడగవచ్చు. మైసూరులో 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. మన సరిహద్దు జిల్లాలవాళ్లకు అది అందుబాటులో ఉన్న పెద్ద దిక్కు. అక్కడ కన్నడం రాకపోయినా ఇబ్బంది పడనక్కరలేదు.

హోమ్ థియేటరు కొన్నవాళ్లు కూర్చొనే చోటు, తాడు, టేపు, పరీక్ష శబ్దం, బొంత, ఈ అయిదూ మరచిపోకండి. ఇవన్నీ అయ్యాక కూడా ఇంట్లో ఎవరైనా శబ్దం ఇంకా పెంచమంటూనే ఉంటే, వాళ్ల చేతిలోని రిమోటు లాక్కోకండి. పక్కన కూర్చొని, చెవి ఎప్పుడు చూపించుకున్నారని నెమ్మదిగా, ముఖంలోకి చూస్తూ అడగండి.